మెయిన్‌ఫ్రేమ్ అంత గట్టిదైతే.. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చిన్న సర్వర్లనే ఎందుకు ఎంచుకుంటాయి?

అమీర్‌పేటలో బస్సు దిగి పది అడుగులు వేస్తే చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. ఒకటి జావా, ఒకటి డెవాప్స్, ఇంకొకటి డేటా సైన్స్. కాస్త వెతికితే ఏదో ఒక మెట్ల పక్కన ‘మెయిన్‌ఫ్రేమ్స్ - కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్’ అన్న బోర్డు కూడా కనిపిస్తుంది. అది చూడగానే ఒక అనుమానం వస్తుంది. పెద్ద పెద్ద బ్యాంకులన్నీ మెయిన్‌ఫ్రేమ్ మీదే నడుస్తాయంటారు. మరి కొత్తగా సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే కంపెనీలు లైనక్స్ సర్వర్లు, క్లౌడ్ అనే మాట తప్ప మెయిన్‌ఫ్రేమ్ పేరే ఎత్తవేం? ఈ రెండింటిలో ఏ కోర్సుకి డబ్బు కట్టాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురుకాలేదు. ఉద్యోగంలో ఎదురైంది.

2019లో బీటెక్ పూర్తిచేసి ఒక సర్వీస్ కంపెనీలో చేరాను. జావా ప్రాజెక్ట్ వస్తుందనుకుంటే మెయిన్‌ఫ్రేమ్‌లో వేశారు. నల్ల తెర, పచ్చ అక్షరాలు. రూమ్మేట్లు ‘తాతగారి టెక్నాలజీ’ అని ఆటపట్టించారు. రెండేళ్లు చేశాక హైదరాబాద్‌లోనే ఒక చిన్న ప్రోడక్ట్ కంపెనీకి మారాను. బ్యాంకుల లావాదేవీల లెక్కలు సరిపోల్చే సాఫ్ట్‌వేర్ మాది. లైనక్స్ మీద నడుస్తుంది. ఒకరోజు విదేశీ బ్యాంకు ఒకటి అడిగింది: ‘మీ సాఫ్ట్‌వేర్ మా మెయిన్‌ఫ్రేమ్ మీదే నడిచేలా ఇవ్వగలరా? ఇస్తే తీసుకుంటాం.’

మా కంపెనీకి అది అప్పటిదాకా వచ్చిన అన్నిటికంటే పెద్ద ఆర్డర్. టీమ్‌లో మెయిన్‌ఫ్రేమ్ ముఖం చూసినవాణ్ని నేనొక్కణ్నే. ఇక నా పంట పండిందనుకున్నా. మా ఆర్కిటెక్ట్ సార్ మాత్రం తొందరపడలేదు. ‘బాబూ, చేయగలమా లేదా అన్నది తర్వాత. చేయాలంటే ఏమేం కావాలో ముందు ఒక కాగితం మీద రాసుకురా’ అన్నారు. ఆ కాగితం నాకు నేర్పిన పాఠమే ఈ వ్యాసం.

ముందు మెయిన్‌ఫ్రేమ్ సంగతి

మెయిన్‌ఫ్రేమ్‌ను పాత సామాను అనుకుంటే పొరపాటు. ఐబీఎం తన సిస్టమ్/360ని 1964 ఏప్రిల్ 7న ప్రకటించింది. అప్పటిదాకా చిన్న యంత్రం నుంచి పెద్ద యంత్రానికి మారితే ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ రాసుకోవాల్సి వచ్చేది. ఒకే కుటుంబానికి చెందిన చిన్నా పెద్దా యంత్రాలన్నిటి మీదా ఒకే ప్రోగ్రామ్ నడవాలన్నది 360 తెచ్చిన కొత్తదనం. ఆ మాట ఇప్పటికీ నిలబడింది. దశాబ్దాల కిందటి అప్లికేషన్లు పెద్దగా మార్చకుండానే నేటి జెడ్ సిరీస్ యంత్రాల మీద నడిచే వీలుంది. ఆ సిరీస్‌లో జెడ్17ను 2025 ఏప్రిల్‌లోనే ప్రకటించారు. అంటే ఇది ఇంకా కొత్త మోడళ్లు వస్తున్న వ్యాపారమే.

దాని బలం కూడా మామూలుది కాదు. ప్రాసెసర్‌లో ఒక భాగం చెడిపోతే, పని ఆగకుండానే స్పేర్‌గా ఉన్న మరో భాగం అందుకుంటుంది. డిస్కులతో మాట్లాడే పనికి విడిగా హార్డ్‌వేర్ ఉంటుంది. డబ్బు లెక్కలకు కావాల్సిన దశాంశ గణితం చిప్‌లోనే ఉంటుంది. పగలంతా ఏటీఎం లావాదేవీలు, రాత్రంతా వడ్డీల బ్యాచ్ జాబ్‌లు.. రెండూ ఒకే పెట్టెలో.

దీనికి ఎదురుగా నిలబడే చిన్న సర్వర్ ఎలా ఉంటుంది? క్యారమ్ బోర్డు కంటే వెడల్పు తక్కువ, మందం రెండంగుళాల లోపు. లోపల ఉండేది మీ ల్యాప్‌టాప్‌లో ఉండే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు పెద్దన్న. ఒకటికి ఒకటి పక్కపక్కన పెడితే మెయిన్‌ఫ్రేమ్‌తో పోటీయే లేదు. అయినా సాఫ్ట్‌వేర్ కంపెనీలు దీన్నే ఎంచుకుంటున్నాయి. కారణం బలంలో లేదు, వ్యాపారం లెక్కల్లో ఉంది.

నేను రాసిన కాగితం

మొదటి పద్దు: యంత్రం. సాఫ్ట్‌వేర్ రాయాలంటే రోజూ నడిపి చూడాలి. మా ఆఫీసులో ప్రతి డెవలపర్ దగ్గరా ల్యాప్‌టాప్ ఉంది. కస్టమర్ సర్వర్‌లో ఉన్న లైనక్సే ఇందులోనూ ఉంటుంది. ఉదయం రాసింది మధ్యాహ్నానికి టెస్ట్ అయిపోతుంది. మెయిన్‌ఫ్రేమ్‌ను అలా బల్లమీద పెట్టుకోలేం. పరీక్షల కోసం పీసీ మీద నడిచే ఎమ్యులేటర్‌ను ఐబీఎం అమ్ముతుంది, దూరం నుంచి వాడుకునే ఏర్పాట్లూ ఉన్నాయి. కానీ దేనికైనా ముందు ఒప్పందం, లైసెన్సు, ఖర్చు. లైనక్స్‌కు ఇవేవీ అక్కర్లేదు.

రెండోది: బిల్లు. మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు వాడుకను బట్టి వసూలు చేస్తారు. యంత్రం సామర్థ్యాన్ని ఎంఎస్‌యూ అనే కొలతలో లెక్కిస్తారు. బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇదీ: నడుస్తున్న నాలుగు గంటల సగటు వాడకాన్ని నెలంతా గమనిస్తారు, అందులో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన సగటు మీద ఆ నెల బిల్లు వేస్తారు. ఫ్యాక్టరీల కరెంటు బిల్లులో ‘మాక్సిమమ్ డిమాండ్’ చార్జీ ఉంటుంది కదా, అలాంటిదే. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ వెళ్లి ఆ యంత్రం మీద కూర్చుంటే వాడకం పెరుగుతుంది. దాంతో మాకిచ్చే డబ్బే కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ బ్యాంకు కట్టే బిల్లు కూడా పెరగొచ్చు. మా సరుకు కొన్నందుకు పక్క షాపులో కూడా బిల్లు పెరుగుతుందంటే కస్టమర్ ఊరుకుంటాడా?

మూడోది: కోడ్. ఇక్కడ ఇంజినీరింగ్ విద్యార్థులు కాస్త ఆగి చూడాలి. మన కంప్యూటర్లలో ఆస్కీ పద్ధతిలో ‘ఎ’ అనే ఇంగ్లిష్ పెద్దక్షరం విలువ 65. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్‌సిడిక్‌లో 193. అంతటితో అయిపోలేదు. ఆస్కీలో ఎ నుంచి జెడ్ దాకా వరసగా ఉంటాయి. ఎబ్‌సిడిక్‌లో ‘ఐ’ 201 అయితే, పక్కనే ఉండాల్సిన ‘జె’ 209. మధ్యలో ఖాళీ. ‘అక్షరానికి ఒకటి కలిపితే తర్వాతి అక్షరం వస్తుంది’ అని రాసిన లూప్ అక్కడ బోర్లా పడుతుంది. ఆస్కీలో అంకెల తర్వాత అక్షరాలు వస్తాయి, అక్కడ అక్షరాల తర్వాత అంకెలు. కాబట్టి సార్టింగ్ కూడా తలకిందులు. పెద్ద సంఖ్యను మెమరీలో దాచేటప్పుడు బైట్ల వరస ఇంటెల్ చిప్‌లో ఒకలా, మెయిన్‌ఫ్రేమ్‌లో దానికి తిరగేసి ఉంటుంది. ఇవేవీ అసాధ్యమైనవి కావు. కానీ ప్రతి ఒక్కటీ వెతికి, మార్చి, మళ్లీ టెస్ట్ చేయాలి. ఆ తర్వాత ప్రతి కొత్త వెర్షన్‌కీ ఈ పని రెండుసార్లు.

నాలుగోది: మనుషులు. లైనక్స్, జావా, పైథాన్ వచ్చినవాళ్లు ఏటా కాలేజీల నుంచి వస్తూనే ఉంటారు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు, అవి నేర్చుకోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్ వచ్చినవాళ్లు ఎక్కువగా పెద్ద సర్వీస్ కంపెనీల్లోనో బ్యాంకుల్లోనో తయారవుతారు. మా టీమ్‌లో నేను సెలవు పెడితే రెండో మనిషి లేడు.

అయిదోది, అసలైనది: కస్టమర్లు. మెయిన్‌ఫ్రేమ్ కొనగలిగేవాళ్లు పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానయాన సంస్థలు, ప్రభుత్వాలు. లైనక్స్ సర్వర్ కొనగలిగేవాళ్లో? పట్టణ సహకార బ్యాంకు నుంచి ప్రపంచంలోని పెద్ద బ్యాంకు దాకా అందరూ. సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో ఖర్చంతా మొదటి కాపీ తయారీలోనే ఉంటుంది. రెండోది, పదోది, వెయ్యోది తీయడానికి పెద్దగా ఏమీ కాదు. కాబట్టి ఎక్కువ మంది కొనగలిగే యంత్రం మీద పెట్టిన శ్రమే ఎక్కువసార్లు తిరిగొస్తుంది.

కాగితం చూసి సార్ ఒకటే అడిగారు. ‘ఇదంతా ఒక్క కస్టమర్ కోసం. ఇంకొకడు వస్తాడని రాసివ్వగలవా?’ నా దగ్గర జవాబు లేదు.

ఎస్‌ఏపీ ఏం చేసింది?

ఇది మా చిన్న కంపెనీ లెక్క మాత్రమే కాదు. మనవాళ్లు ‘శాప్’ అని పిలిచే జర్మనీ కంపెనీ ఎస్‌ఏపీ కథ కూడా ఇదే. ఐబీఎంలో పనిచేసిన అయిదుగురు ఇంజినీర్లు 1972లో దాన్ని పెట్టారు. మొదట్లో వాళ్లకు సొంత కంప్యూటరే లేదు. కస్టమర్ కంపెనీల మెయిన్‌ఫ్రేమ్‌ల మీద, ఎక్కువగా రాత్రిపూటా వారాంతాల్లో కూర్చుని కోడ్ రాసుకున్నారు. ఆర్/2 అనే వాళ్ల సాఫ్ట్‌వేర్ మెయిన్‌ఫ్రేమ్‌ల మీద బాగా నడిచింది, పెద్ద కంపెనీలు కొన్నాయి.

అయితే మెయిన్‌ఫ్రేమ్ ఉన్న కంపెనీలు ఎన్ని ఉంటాయి? 1980ల చివర్లో వాళ్లు కొత్త తరం సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. 1992లో మార్కెట్లోకి వచ్చిన ఆర్/3ని యూనిక్స్ సర్వర్ల మీద నడిచేలా మూడు అంచెలుగా విడగొట్టారు. డేటాబేస్ ఒక యంత్రంలో, లెక్కలు చేసే అప్లికేషన్ మరో యంత్రంలో, తెర ఉద్యోగి బల్ల మీది పీసీలో. పని పెరిగితే అప్లికేషన్ సర్వర్ ఇంకొకటి కలుపుకుంటే సరి. కొన్నాళ్లకు విండోస్ ఎన్‌టీ మీదకూ తెచ్చారు. మెయిన్‌ఫ్రేమ్ స్తోమత లేని మధ్యతరహా కంపెనీలకూ తలుపు తెరుచుకుంది. ఎస్‌ఏపీని ప్రపంచమంతా తెలిసిన పేరు చేసింది ఆర్/3యే. మెయిన్‌ఫ్రేమ్ మీద పుట్టి, దాని మీదే బతికి, దాని మీద ఏ కోపం లేని కంపెనీ ఇలా దిగివచ్చిందంటే, ఆ లెక్క ఎంత బలమైనదో అర్థం చేసుకోండి.

2006 ఆగస్టులో అమెజాన్ తన ఈసీ2 సర్వీసులో సర్వర్‌ను గంటకు 10 సెంట్ల అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాక కొనే అవసరం కూడా పోయింది. ఇద్దరు స్నేహితులు హాస్టల్ గదిలో మొదలుపెట్టే కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి?

మరి చిన్నది చెడిపోతే?

మంచి ప్రశ్న. ఇంటర్వ్యూల్లోనూ ఇదే అడుగుతారు. ఒక లెక్క వేద్దాం.

ఒక చిన్న సర్వర్ ఏడాదిలో 99 శాతం కాలం పనిచేస్తుందనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. అందులో ఒక శాతం అంటే 87.6 గంటలు, మూడున్నర రోజులకు పైనే. బ్యాంకు ఒప్పుకోదు. అదే పని చేసే రెండు సర్వర్లు పెట్టి, ఒకటి పడితే రెండోది అందుకునేలా రాశామనుకోండి. రెండూ ఒకేసారి పడిపోయే అవకాశం ఒక శాతంలో ఒక శాతం. ఏడాదికి సుమారు 53 నిమిషాలు. మూడు పెడితే అర నిమిషం!

కాగితం మీద ఇది ఇంద్రజాలంలా ఉంటుంది. దీని వెనక రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, సర్వర్లు విడివిడి కారణాలతో పడిపోవాలి. మూడూ ఒకే కరెంటు లైన్ మీద ఉంటే, లేదా మూడింట్లోనూ ఒకే బగ్ ఉంటే, మూడూ కలిసే పడతాయి. రెండు, ఒకదాని డేటా ఎప్పటికప్పుడు మిగతావాటికి అందుతుండాలి. ఈ బాధ్యత మెయిన్‌ఫ్రేమ్‌లో చాలావరకు యంత్రమే మోస్తుంది. చిన్న సర్వర్లలో సాఫ్ట్‌వేర్ మోయాలి. అంటే మనం రాయాలి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ తెలిసినవాళ్లకు గిరాకీ రావడానికి మూలం ఇదే.

గూగుల్ ఇంజినీర్లు 2003లో ప్రచురించిన ఒక పరిశోధన పత్రంలో తమ సెర్చ్ వ్యవస్థ 15,000కు పైగా మామూలు తరహా పీసీల మీద నడుస్తోందని రాశారు. యంత్రాలు చెడిపోతూనే ఉంటాయని ముందే ఒప్పుకుని, నమ్మకాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు.

మన దగ్గరా అంతే

మన రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైంది. సీఎంసీ సంస్థ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ నడిచింది మెయిన్‌ఫ్రేమ్ మీద కాదు, అప్పట్లో ‘మినీ’ అని పిలిచిన డెక్ కంపెనీ వ్యాక్స్ కంప్యూటర్ల మీద. తర్వాత వేర్వేరు నగరాల వ్యవస్థలను కలుపుతూ క్రిస్ సంస్థ తయారుచేసిన ‘కాన్సర్ట్’ 1994లో మొదట అమలైంది మన సికింద్రాబాద్‌లోనే.

ఆధార్‌ది ఇంకా పెద్ద లెక్క. కొత్తగా నమోదయ్యే ప్రతి మనిషి వేలిముద్రలు, కంటిపాపలు అంతకుముందున్న వాళ్లందరితో పోల్చాలి. దాన్ని కట్టినవాళ్లు మామూలు ఎక్స్86 సర్వర్లు, లైనక్స్, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నారు. ఏ ఒక్క కంపెనీ యంత్రానికీ కట్టుబడిపోకూడదన్నది అక్కడ ప్రకటించుకున్న సూత్రాల్లో ఒకటి.

ఇంతకీ ఆ ఆర్డర్ ఏమైంది?

మెయిన్‌ఫ్రేమ్ వెర్షన్ చేయలేమని చెప్పేశాం. అయితే మా సార్ ఇంకో దారి చూపించారు. ‘మీ మెయిన్‌ఫ్రేమ్‌ను కదపొద్దు. పక్కన రెండు లైనక్స్ సర్వర్లు పెట్టండి. రోజూ రాత్రి లావాదేవీల ఫైల్ మాకు పంపండి. తెల్లారేసరికి లెక్కలు సరిచూసి ఇస్తాం.’ బ్యాంకు సరేనంది. ముందనుకున్నంత పెద్దది కాకపోయినా ఆర్డర్ నిలిచింది.

మొదటి టెస్ట్ ఫైల్ నా చేతికే ఇచ్చారు. గర్వంగా ఫైల్ మొత్తాన్ని ఎబ్‌సిడిక్ నుంచి ఆస్కీలోకి మార్చేశా. పేర్లు, ఖాతా నంబర్లు చక్కగా వచ్చాయి. డబ్బు మొత్తాలు మాత్రం చెత్తగా మారిపోయాయి. ఒక రాత్రంతా తలపట్టుకున్నాక వెలిగింది. కోబాల్‌లో డబ్బు లెక్కల్ని ఎక్కువగా ‘ప్యాక్డ్ డెసిమల్’లో దాస్తారు. ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు, చివరి అర బైట్‌లో ప్లస్సా మైనస్సా అన్న గుర్తు. 12345 అన్న సంఖ్య మూడు బైట్లలో సర్దుకుంటుంది. అవి అక్షరాలు కావు, వాటిని అక్షరాల్లా అనువదిస్తే అంకెలే మారిపోతాయి. నా మొదటి ఉద్యోగంలో రోజూ చూసిన విషయమే, తొందరలో మర్చిపోయా. రికార్డు వివరణ చూసుకుంటూ ఒక్కో ఫీల్డ్‌నీ విడిగా మార్చాక లెక్క పైసాతో సహా కుదిరింది. అది టెస్ట్ ఫైల్ కాబట్టి సరిపోయింది.

‘తాతగారి టెక్నాలజీ’లో గడిపిన రెండేళ్లు వృథా కాలేదని ఆరోజు తెలిసింది. ఆ టీమ్‌లో నా విలువ మెయిన్‌ఫ్రేమ్ ఒక్కటే తెలిసినందుకు వచ్చింది కాదు, లైనక్స్ ఒక్కటే తెలిసినందుకూ కాదు. రెంటికీ మధ్య దారి తెలిసినందుకు.

మీరేం చేయాలి?

ఇంకా ఏ కోర్సూ మొదలుపెట్టకపోతే లైనక్స్, ఒక ప్రోగ్రామింగ్ భాష, ఎస్‌క్యూఎల్‌తో మొదలుపెట్టండి. అవకాశాల తలుపులు ఎక్కువగా ఉన్నది ఇటువైపే. చిన్న సర్వర్ల లెక్క చేతితో చూడాలంటే ఈ ప్రయోగం చేయండి: ల్యాప్‌టాప్‌లో రెండు లైనక్స్ వర్చువల్ మెషీన్లు పెట్టి, రెండింట్లోనూ ఒకే వెబ్‌సైట్ నడపండి. ముందు ఎంజిన్‌ఎక్స్‌ను లోడ్ బ్యాలెన్సర్‌గా పెట్టండి. ఒక మెషీన్‌ను ఆపేసి సైట్ నడుస్తుందో లేదో చూడండి. తర్వాత డేటాబేస్ కలిపి అదే పని చేయండి. అసలు కష్టం ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. రెజ్యూమెలో రాసుకోవడానికి ఇది చిన్న ప్రాజెక్టేమీ కాదు.

కంపెనీ మిమ్మల్ని మెయిన్‌ఫ్రేమ్‌లో వేస్తే ఏడవకండి. డీబీ2 నేర్పే ఎస్‌క్యూఎల్, లావాదేవీ సగంలో ఆగితే ఏం చేయాలన్న క్రమశిక్షణ, బ్యాంకింగ్ పరిజ్ఞానం ఎక్కడికెళ్లినా పనికొస్తాయి. సాయంత్రాలు లైనక్స్ మాత్రం వదలొద్దు. మెయిన్‌ఫ్రేమ్ కూడా లైనక్స్‌ను 2000 ప్రాంతంలోనే తనలోకి తీసుకుంది. గోడ మునుపటంత ఎత్తుగా లేదు.

మెయిన్‌ఫ్రేమ్ కోర్సుకి ఫీజు కట్టే ముందు ఉచితంగా రుచి చూడండి. ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ వేదికలో విద్యార్థులు నిజమైన మెయిన్‌ఫ్రేమ్‌లోకే లాగిన్ అయి పాఠాలు చేయొచ్చు. గ్నూకోబాల్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. రెండు వారాలు చేసి, నచ్చితే అప్పుడు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కండి. అక్కడ కూడా ప్రాక్టీసుకి ఏ యంత్రం ఇస్తారో, రోజుకి ఎన్ని గంటలో అడిగి తెలుసుకున్నాకే డబ్బు తీయండి.

ఇంటర్వ్యూలో అడిగితే..

‘మెయిన్‌ఫ్రేమ్ పాతది కాబట్టి’ అని మాత్రం అనకండి. ఎదుటి మనిషి పాతికేళ్లు దాని మీదే పనిచేసి ఉండొచ్చు. ఇలా చెప్పండి: ‘సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి యంత్రం బలం కంటే ఆ యంత్రం ఎంతమంది దగ్గర ఉందన్నది ముఖ్యం. చిన్న సర్వర్ల మీద తయారీ, టెస్టింగ్ చౌక, మనుషులు దొరుకుతారు, కస్టమర్ చిన్నగా మొదలుపెట్టి పెంచుకోవచ్చు. నమ్మకాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాధించాలి, దాని ఖర్చు దానికుంటుంది. ఇప్పటికే దశాబ్దాల కోబాల్ కోడ్, భారీ లావాదేవీలు ఉన్న బ్యాంకుకు మాత్రం మెయిన్‌ఫ్రేమ్‌లో ఉండటమే లాభం కావచ్చు.’

తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఖాయం: ‘రెండు సర్వర్లలో ఒకటి పడిపోతే మీ డేటా ఏమవుతుంది?’ పైన చెప్పిన ప్రయోగం చేసి ఉంటే, దానికి జవాబు మీ దగ్గరే ఉంటుంది.